కొట్టే ఆట

"కొట్టే ఆట ఏదన్నా ఉందా?"

వీడియో ఆటల షాపులో నిచ్చెన మీద నిలబడి పై అరలో కొత్త డబ్బాలు సర్దుతున్న చిట్టికి ఆ గొంతు వీపు మీద చన్నీళ్ళు కుమ్మరించినట్టు తగిలింది. తిరిగి చూడకముందే ఎవరో తెలిసిపోయింది. కొన్ని గొంతులంతే, ఎన్నేళ్ళయినా చెవిని వదిలిపెట్టవు. ఆయన ఏదడిగినా అడిగినట్టు ఉండదు, హుకుం జారీ చేసినట్టు ఉంటుంది.

నిచ్చెన దిగింది. కౌంటరు అవతల, ఒకప్పుడు నాన్న పనిచేసిన ఆఫీసు పెద్దసారు. అదే మనిషి. భుజాలు కాస్త కుంగాయి, జుట్టు తెల్లబడింది, చొక్కా మాత్రం అప్పట్లాగే మడత నలగలేదు. ఎడం చేత్తో తన కుడి చేతిని ఎత్తి, ఎవరిదో సామాను దించినట్టు కౌంటరు మీద పెట్టాడు. ఆ చెయ్యి అక్కడే వెల్లకిలా పడి ఉండిపోయింది.

ఆ అరచెయ్యి చిట్టికి బాగా తెలుసు. బడికెళ్ళే రోజుల్లో ఒక మధ్యాహ్నం నాన్నకి క్యారేజీ పట్టుకెళ్ళి, ఆఫీసు కింద నిలబడి ఉండగా చూసింది. నాన్న ఆ భవనంలో లిఫ్టు నడిపేవాడు. మధ్యలో ఆగిపోయిన లిఫ్టును నానా తంటాలూ పడి కిందికి దించారు. తలుపు తెరుచుకోగానే "నాకు చెప్తావురా నువ్వు?" అని ఈ గొంతే వినిపించింది. ఆ వెంటనే ఛెళ్ళుమని చప్పుడు. బటన్ను టకటకా పొడుస్తున్న పెద్దమనిషితో "ఒక్కసారి నొక్కితే చాలు సార్, పదేపదే నొక్కితే ఆగిపోతుంది" అన్నాడట నాన్న. చేసిన నేరం అదీ. లిఫ్టు ఆగనే ఆగింది, చెంప పగలనే పగిలింది, ఆ సాయంత్రానికి ఉద్యోగమూ పోయింది. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, దెబ్బ తిన్న మనిషి, పెద్దసారు ఇంకా పూర్తిగా బయటికి రాలేదని, తలుపు మూసుకోకుండా తన కాలు అడ్డం పెట్టాడు. దెబ్బ కంటే ఆ కాలు గుర్తొస్తేనే చిట్టికి కడుపు రగిలిపోతుంది.

"ఏయ్ అమ్మాయ్, నిన్నే. చెవుడా?"

"చెప్పండి సార్," అంది చిట్టి నవ్వుతూ. ఆ నవ్వు ఎక్కణ్ణించి ఊడిపడిందో ఆమెకే తెలీదు.

"పక్షవాతం వచ్చింది. వేళ్ళు ఆడించే పని ఏదన్నా పెట్టుకోమన్నాడు డాక్టరు. పిల్లలాడే ఆటలయితే మంచిదన్నాడు. చీట్లపేకా, చదరంగం నాకు గిట్టవు. గంటల కొద్దీ కూర్చుని ఆలోచించడం నా వల్ల కాదు. కొట్టేది కావాలి."

ఆ షాపులో ఓనరు పెట్టిన పద్ధతి ఒకటుంది. ఎవరొచ్చినా ముందే ఆటలు చూపించకూడదు. దేనికీ తగిలించని ఉత్త కంట్రోలర్ ఒకటి వాళ్ళ చేతిలో పెట్టి, మాటల్లో దింపి, ఆ వేళ్ళు ఏం చేస్తున్నాయో గమనించాలి. ఉత్తదని తెలిసినా మనిషి ఊరుకోడు. కొందరు మీటని నింపాదిగా తిప్పుతూ కూర్చుంటారు. వాళ్ళకి దేశాలు తిరిగే ఆటలు నప్పుతాయి. కొందరు వెనక మీట బిగబట్టి ఊపిరి కూడా తియ్యరు. వాళ్ళకి పొంచి ఉండి కాల్చేవి. నోరు కోతలు కోస్తుంది గానీ వేళ్ళు కొయ్యవని ఓనరు సిద్ధాంతం. ఈ విద్య ఓనరు కంటే చిట్టికే బాగా పట్టుబడింది. ఆమె ఎంచి ఇచ్చిన ఆట వెనక్కి రావడం ఏ అమావాస్యకో పున్నానికో.

కంట్రోలర్ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. కుడి వేళ్ళని ఒక్కొక్కటీ పట్టుకుని దాని చుట్టూ మడవాల్సి వచ్చింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

"తుపాకులు ఇష్టమేనా సార్?"

"తుపాకుల్లో ఏముంది? ఎక్కడో నక్కి పేలిస్తే వాడు చచ్చాడో బతికాడో కూడా తెలీదు. ఎదురుగా నిలబడాలి. కొడితే పడాలి. పడ్డవాడు తలెత్తి నన్ను చూడాలి."

"కథేమన్నా ఉండాలా?"

"కథ ఎవడిక్కావాలి?"

మాట్లాడుతున్నంత సేపూ ఆయన ఎడం చేతి బొటనవేలు ఉత్త బటన్లని టకటకా పొడుస్తూనే ఉంది. కుడి బొటనవేలు మాత్రం ఉలకదు, పలకదు. ఇలాంటి చేతికి ఏ ఆట ఇవ్వాలో చిట్టికి కొట్టిన పిండి. కింది అరలో ఉంది. మెల్లగా సాగే కుస్తీ ఆట, తప్పు నొక్కినా ఓర్చుకునేది. చిట్టి చెయ్యి అలవాటు కొద్దీ కింది అర దాకా వెళ్ళింది కూడా. ఆమె దాన్ని వెనక్కి లాక్కుంది. మళ్ళీ నిచ్చెనెక్కి, పైన మూలగా ఉన్న నల్ల డబ్బా తీసింది.

షాపులో దాని ముద్దుపేరు ఏడుపుగొట్టు ఆట. ఒక నల్లటి బురుజు. అడుగున ఒంటరి సైనికుడు. అంతస్తుకో కాపలావాడు. వాడు కత్తి ఎత్తి దించే క్షణాన కుడి బొటనవేలితో సరిగ్గా ఒక్కసారి నొక్కితే దెబ్బ కాచుకోవచ్చు. ముందు నొక్కినా పోయాడు, వెనక నొక్కినా పోయాడు, గాభరా పడి రెండుసార్లు నొక్కినా పోయాడు. ఒక్క వేటు, అంతే. మెట్లన్నీ దొర్లుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర బోర్లా పడతాడు. చెయ్యి తిరిగిన కుర్రాళ్ళే కంట్రోలర్ గోడకేసి కొట్టి, ముఖం మాడ్చుకుని డబ్బా తిరిగి తెస్తుంటారు.

"ఇది మీకోసమే చేసినట్టుంది సార్," అంది చిట్టి.

ఆ వారంలో ఆమె చెప్పిన మాటల్లో అంత మనస్ఫూర్తిగా చెప్పింది ఇంకొకటి లేదు.

ఇంటికెళ్ళేసరికి నాన్న కిటికీ పక్కన కూర్చుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. ఇప్పుడాయన ఒక పెద్ద దుకాణం గుమ్మంలో జనం సంచులు తీసుకుని నంబరు బిళ్ళలు ఇస్తాడు. చిట్టి లోపలికి రాగానే లేచి నిలబడబోయి, కూతురే కదా అని గుర్తొచ్చి కూర్చున్నాడు. ఆ రోగం ఆ దెబ్బతో వచ్చిందే. పక్కింటి పసిపిల్ల వచ్చినా లేస్తాడు. అంతకు ముందు ఈయనే కదూ సాయంత్రాలు ఇల్లంతా గోల గోల చేసింది. లిఫ్టులో ఎక్కిన వాళ్ళందర్నీ ఇంటికి పట్టుకొచ్చేసేవాడు. నడుం పట్టేసిన గుమాస్తా, అద్దంలో పళ్ళు చూసుకునే క్యాషియరు, అందర్నీ నడకతో, గొంతుతో సహా అచ్చంగా దించేసేవాడు. అమ్మ నవ్వలేక, ఇక చాలు మహాప్రభో అనేది. ఆ మధ్యాహ్నం తర్వాత ఏదడిగినా ఒకటే మాట, పోనీలే. ఆ దెబ్బ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కూతురు చూసిందని ఆయనకి తెలుసు, తెలుసని కూతురికీ తెలుసు, అయినా ఎవరి నోరు వాళ్ళు కుట్టేసుకున్నారు.

చిట్టి ఆ రోజూ చెప్పలేదు. రెండు ముద్దలు ఎక్కువే తింది. పెద్దసారు మెత్తటి సోఫాలో కూర్చుని, మెట్ల మీంచి దొర్లి దొర్లి పడుతూ ఉడుక్కోవడం ఊహించుకుంటే అన్నం హాయిగా దిగింది.

ఒక రోజు మధ్యలో వదిలి ఆయన ఊడిపడ్డాడు. ముఖం కందగడ్డలా ఉంది. డబ్బా కౌంటరు మీద ధడాలున పడేశాడు.

"ఇది పాడైపోయిన డిస్కు. ఎంత నొక్కినా వాడు ఆగడు. నాకు పాత సరుకు అంటగట్టారా?"

ఓనరు పరుగున వచ్చాడు. ఆయనకి షాపులో ఎవరైనా గొంతు పెంచితే కాళ్ళు వణుకుతాయి. "చూడు చిట్టీ, చూడమ్మా, సారుకి మార్చి ఇవ్వు," అన్నాడు.

"ముందు పరీక్ష చేద్దాం సార్," అంది చిట్టి అమాయకంగా. డిస్కు తీసి గోడ మీద పెద్ద టీవీ కింద ఉన్న కన్సోల్లో పెట్టింది. అప్పుడు షాపులో కాలేజీ కుర్రాళ్ళ గుంపు ఒకటుంది. నల్ల డబ్బా చూడగానే గుంపంతా చుట్టూ చేరింది. చిట్టికి కావలసిందీ అదే.

కాపలావాడు కత్తి ఎత్తాడు. చిట్టి ఒక్కసారి నొక్కింది. ఠంగుమంది. వాడు తూలాడు. ఇంకోటి నొక్కింది. వాడు పడ్డాడు. "పనిచేస్తోంది సార్. మీరోసారి పట్టుకోండి," అని కంట్రోలర్ ఆయన చేతిలో పెట్టింది. ఆయన బిగుసుకుపోయి నిలబడి ఎడం వేలితో టకటకలాడించాడు. కుడి బొటనవేలు సగం లేచి ఒరిగిపోయింది. సైనికుడు మెట్లన్నీ దొర్లి గుమ్మంలో పడ్డాడు. కుర్రాళ్ళు పకపకా నవ్వారు.

"ఆట బాగానే ఉంది సార్. లోపం..." అని చిట్టి ఆగింది. ఆగిన చోట ఏముందో షాపులో అందరికీ అర్థమైంది. ఓనరు కళ్ళతోనే చంపేసేలా చూశాడు. చిట్టి గుండెల్లో మాత్రం పండగే. ఒక మనిషి నలుగురిలో ఎలా ఎర్రబడతాడో ఇన్నాళ్ళకి చూసింది. ఆ ముఖాన్ని ఇంటికి పట్టుకెళ్ళి నాన్న ముందు పెట్టగలిగితే బాగుండు అనిపించింది.

"వేరేది ఇస్తాం సార్, మెత్తగా సాగేది," అన్నాడు ఓనరు చేతులు నలుపుకుంటూ.

"అక్కర్లేదు." పెద్దసారు తెర వైపే చూస్తున్నాడు. "నన్ను ఇంతవరకూ మెట్ల మీంచి తోసిన మొగాడు లేడు. వాణ్ణి పడగొట్టేదాకా నాకు నిద్ర పట్టదు. ఈ అమ్మాయిని నాకు నేర్పమనండి. రోజూ వస్తాను."

ఆయన్ని ఏడిపించడానికి ఎంచిన ఆట ఆయనకి సరిగ్గా సరిపోయింది. పగ పట్టేవాడికి పగ పట్టే ఆట. వేళ్ళని చదవడంలో ఆమెకి తిరుగులేదు, ఏం లాభం.

సరే, వస్తే రానీ అనుకుంది. రోజూ దొరుకుతాడు కదా.

మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉండే వేళకి వచ్చేవాడు. డ్రైవరు లోపలి దాకా దింపి వెళ్ళిపోయేవాడు. చిట్టి కుర్చీ వేసేది, వెన్ను ఆనించుకునే కుర్చీ కాదు, పీట లాంటిది. ఆయన మూలిగితే వినిపించనట్టు ఉండేది. అయ్యా సార్ అంటూనే ఉప్పూకారం దట్టించేది.

"మళ్ళీ."

"వేలు నొప్పెడుతోంది."

"నొప్పెడుతోందంటే ఉందన్నమాట సార్. మళ్ళీ."

"కాసేపు ఆగవూ?"

"కాపలావాడు ఆగుతాడా? మళ్ళీ."

గుమ్మంలో పడ్డ ప్రతిసారీ ఆయన బూతు మింగి పళ్ళు నూరేవాడు. చిట్టి వెనక నిలబడి లోపల్లోపల చప్పట్లు కొట్టేది. ఇలాంటి ఉద్యోగం కూడా లోకంలో ఉంటుందా అనిపించేది. జీతానికి జీతం, కసికి కసి.

ఒక రోజు ఆయన మరీ గాభరాగా టకటకా పొడుస్తుంటే ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. "ఒక్కసారి నొక్కితే చాలు సార్! పదేపదే నొక్కితే ఆగిపోతుంది!" అనేసింది.

మాట బయటికొచ్చాక గానీ అది ఎవరి మాటో ఆమెకి తట్టలేదు. పెద్దసారు చేతులు ఆగాయి. తల తిప్పి ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. చిట్టి కూడా చూపు దించలేదు, ఏమంటాడో అననీ, అంటే ఇక్కడే తేల్చేసుకుందాం అన్నట్టు నిలబడింది. ఆయన తెర వైపు తిరిగాడు. కాపలావాడు కత్తి ఎత్తేదాకా ఓపిగ్గా ఆగాడు. ఒక్కసారి నొక్కాడు. ఠంగుమంది.

అప్పటి నుంచి ఆయనకి ఆట పట్టుబడింది. ఆ అంతస్తు దాటాడు, దాని మీదది దాటాడు. వేలు సగం లేచేది కాస్తా పూర్తిగా లేవడం మొదలుపెట్టింది. చిట్టి చూస్తూనే ఉంది గానీ ఆమె కళ్ళు తెర మీదే ఉన్నాయి, చేతి మీద లేవు. చేతుల్ని చూడ్డమే బతుకుతెరువుగా ఉన్న పిల్ల, చూడాల్సిన చేతిని చూడకుండా వదిలేసింది.

ఆ మధ్యాహ్నం కాపలావాళ్ళలో అందరికంటే మొండివాడు, గదతో ఉండేవాడు, కుప్పకూలాడు. పెద్దసారు సంతోషంతో పెద్ద కేక పెట్టాడు. ఓనరు టీ గ్లాసు తెచ్చి ఎడం వైపు పెట్టాడు. ఆయన ఎడం చేతిని ఒళ్ళోనే ఉంచుకుని, కుడి చేత్తో గ్లాసు ఎత్తి, నోటిదాకా తెచ్చుకుని తాగాడు. గ్లాసు దించి కుడి చేతిని ముఖం ముందు పెట్టుకుని వేళ్ళు ముడిచాడు, తెరిచాడు, ముడిచాడు.

"చూశావా! పిడికిలి పడుతోంది. డాక్టరు కళ్ళు తేలేశాడు. అంతా నీ చలవే. కాఠిన్యం ఉంది నీలో, నాకు నచ్చింది," అన్నాడు. అని, ఆ చేత్తోనే ఆమె చెంప మీద రెండుసార్లు తట్టాడు. "భేష్ అమ్మాయ్."

మెచ్చుకుంటూ తట్టాడు, నిజమే. చిట్టికి మాత్రం ఆఫీసు కింద విన్న చప్పుడు చెవుల్లో పగిలింది. వెనక గదిలోకి పోయి కుళాయి కింద ముఖం పెట్టింది. ఎంత కడిగినా ఆ వెచ్చదనం పోలేదు. ఎదురుగా కనబడిన అట్టపెట్టెని కాలితో ఒక్క తన్ను తన్నింది. అది ఉత్త పెట్టె, చప్పుడైనా సరిగ్గా కాలేదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అంతా కక్కేసింది. గొంతు, చెయ్యి, నల్ల డబ్బా, కుర్రాళ్ళ నవ్వు, రోజూ పాఠాలు, అన్నీ. అమ్మ చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. నాన్న చాప మీద కూర్చుని, ఆరిన బట్టలు మడతపెడుతూ విన్నాడు.

"ఏడిపిద్దామనుకున్నా నాన్నా. చివరికి నేనే బాగు చేశా. నిన్ను కొట్టిన చేతికి నేనే ప్రాణం పోశా," అని చిట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

నాన్న ఒక చొక్కా మడత పూర్తి చేశాడు. "కుడి చెయ్యేనా?" అన్నాడు.

"ఊఁ."

"ఇప్పుడు బాగా ఆడుతోందా?"

"గ్లాసెత్తి తాగాడు. పిడికిలి కూడా పట్టాడు."

"అయితే రేపు నేనూ వస్తా. దుకాణంలో సెలవు చెప్తాలే."

అమ్మ గాభరా పడింది. "ఎందుకు? ఇన్నేళ్ళూ పోనీలే, పోనీలే అని మమ్మల్ని చంపుకు తిన్న మనిషివి, ఇప్పుడేం పుట్టింది నీకు?"

"అవిటి చేతితో నాకేం పేచీ?" అన్నాడు నాన్న. "అది అలాగే పడి ఉంటే పోనీలే అని మనస్ఫూర్తిగానే అనేవాణ్ణి. ఇప్పుడు లేచింది కదా. లేచిన చేతితో ఒక మాట మాట్లాడాలి."

అంత పొడుగు మాట ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో. చిట్టి ఏడుపు టక్కున ఆగింది. నాన్న కొట్టబోతున్నాడు అనుకుంది. కొట్టాలి అనుకుంది. షాపులో ఉద్యోగం ఊడితే ఊడనీ, ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి గట్టిగా తగిలితే చాలు.

మర్నాడు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, మధ్యాహ్నానికి షాపుకొచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగి లోపలికి రావచ్చా అన్నట్టు చూస్తే చిట్టికి ఉసూరుమనిపించింది. "రా నాన్నా" అనబోయి, మింగేసి, "రండి" అంది.

పెద్దసారు అప్పటికే టీవీ ముందు ఉన్నాడు. ఆయనకి బురుజు మొహం మొత్తింది. "వీళ్ళందరూ బొమ్మలు. ఎప్పుడు కత్తి ఎత్తుతారో తెలిసిపోయింది. కొత్త ఆట ఏదన్నా తియ్యి. ఎదుట నిజం మనిషి ఉండాలి. కొడితే వాడు ఉడుక్కోవాలి," అన్నాడు.

చిట్టి ఈసారి ఆలోచించలేదు. ఇద్దరాడే గోదా ఆట తీసింది. ఇద్దరు వస్తాదులు ఎదురెదురుగా నిలబడి తన్నుకోవడమే, మరో సొద లేదు. "రెండో మనిషి కావాలి సార్," అంది.

"నేనాడతానండి," అన్నాడు నాన్న వెనక నుంచి.

పెద్దసారు ఆయన్ని ఎగాదిగా చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడేమో. "రావయ్యా, కూర్చో," అన్నాడు. కూర్చోమంటే నాన్న కూర్చున్నాడు, పీట అంచు మీద. చిట్టి కంట్రోలర్ అందించి ఏది గుద్దు, ఏది తన్ను, ఏది కాపు చెవిలో చెప్పింది. నాన్న బుద్ధిగా తలూపాడు.

ఆట మొదలైంది. నాన్న గుద్దు బటన్ను ఒక్కసారి నొక్కాడు. నొక్కి, వేలు తీసేసి, చెయ్యి మోకాలి మీద పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. లిఫ్టు వచ్చేదాకా ఎదురుచూసే మనిషి కూర్చున్నట్టు. వస్తాదు ఒక్క గుద్దు గుద్ది ఊరుకున్నాడు. అవతల పెద్దసారు పాత టకటక మళ్ళీ అందుకున్నాడు, ఈసారి రెండు చేతులతో. నాన్న వస్తాదుకి చెంపలూ డొక్కలూ ఏకమయ్యాయి. కిందపడ్డాడు. లేచాడు. నాన్న మళ్ళీ ఒక్కసారి నొక్కి ఆగాడు. మళ్ళీ చావగొట్టించుకున్నాడు.

చిట్టికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నొక్కు నాన్... నొక్కండి! ఆగకండి!" అని పళ్ళ బిగువున అంది.

పెద్దసారు ఒళ్ళు మరిచిపోయి నవ్వుతున్నాడు. "నొక్కవయ్యా బాబూ! చేతులకి చెదలు పట్టిందా? నొక్కు!"

"నొక్కానండి," అన్నాడు నాన్న. "ఒక్కసారి నొక్కితే చాలు కదా సార్. పదేపదే నొక్కితే లిఫ్టు ఆగిపోతుంది."

టకటక ఆగింది. తెర మీద వస్తాదులిద్దరూ ఊపిరి పీలుస్తూ ఎదురెదురుగా ఊగుతున్నారు. కౌంటరు దగ్గర ఓనరు, ఏం జరుగుతోందో తెలీక, తలెత్తి చూశాడు.

"ఏ లిఫ్టు?" అన్నాడు పెద్దసారు.

"మీ ఆఫీసులోది సార్. నేను నడిపింది."

"నాకేం గుర్తులేదు." పెద్దసారు కళ్ళు తెర మీదే ఉన్నాయి. "సవాలక్ష లిఫ్టులెక్కాను. సవాలక్ష మంది నడిపారు. ఎవడెవణ్ణని గుర్తుపెట్టుకుంటాం?"

చిట్టికి కొట్టినా అంత బాధ ఉండదనిపించింది. తమ ఇల్లు ఇన్నేళ్ళు మూగబోతే, దానికి కారణమైన మనిషికి అది గుర్తుంచుకునేంత విషయం కూడా కాదన్నమాట.

"సరే సార్," అన్నాడు నాన్న.

లేచాడు. కంట్రోలర్లు తగిలించే కొక్కేలు పెద్దసారు కుర్చీ వెనక గోడకున్నాయి. చేతిలో ఉన్నదాన్ని తగిలించడానికి ఆయన తల మీదుగా చెయ్యి ఎత్తాడు.

పెద్దసారు కుడి చెయ్యి ఎగిరింది. అంత చురుగ్గా అది పాఠాల్లో ఎన్నడూ లేవలేదు. ఎగిరి ఆయన చెంపనే కప్పుకుంది, బొటనవేలితో సహా అయిదు వేళ్ళూ బిగిసి. తల పక్కకి తిప్పేసుకున్నాడు, కళ్ళు గట్టిగా మూసేసుకున్నాడు. భుజాలు చెవుల దాకా వచ్చేశాయి.

నాన్న చెయ్యి గాల్లోనే ఆగింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, కింద ముడుచుకుపోయిన మనిషిని తనివితీరా చూశాడు. తొందరేమీ పడలేదు. తర్వాత కంట్రోలర్ని కొక్కేనికి తగిలించి, తీగ చిక్కుపడకుండా సరిచేశాడు.

"కొట్టనులెండి సార్," అన్నాడు. "గుర్తులేదన్నారు కదా, మరి చెంపే ఎందుకు కాచుకున్నారు?"

పెద్దసారు కళ్ళు తెరిచాడు. చెయ్యి మాత్రం చెంప మీంచి దిగలేదు. దించాలని ఆయనకి ఉన్నట్టే ఉంది గానీ, ఎలా దించాలో తోచనట్టు ఉండిపోయాడు.

"నాకు కావలసింది అదే. మీకు గుర్తుంది," అన్నాడు నాన్న. గుమ్మం వైపు నడిచి, ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా బయటికి వెళ్ళిపోయాడు.

షాపులో గోదా ఆట పాట ఒక్కటే మోగుతోంది. పెద్దసారు, "ఆయన నీకేమవుతాడు?" అన్నాడు.

"మా నాన్న."

"మరి మొదటి రోజు ఆ నల్ల డబ్బా..."

"మిమ్మల్ని ఏడిపించడానికే ఇచ్చా సార్," అంది చిట్టి. ఓనరు బాబోయ్ అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆమెకి చీమ కుట్టినట్టయినా లేదు.

పెద్దసారు అరిచి యాగీ చేస్తాడనుకుంది. చెయ్యలేదు. మెల్లగా చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుని, దాన్ని తిప్పి చూసుకున్నాడు. "వేరే ఆట ఏదన్నా ఉంటే చూపించు," అన్నాడు. అలవాటు కొద్దీ అన్నాడో, ఇంకేం అనాలో తెలీక అన్నాడో. ఆ గొంతులో హుకుం లేదు.

"మీకు నచ్చే ఆట నా దగ్గర ఇంకేం లేదు సార్," అని, ఓనరు వైపు చూసి, "ఇప్పుడే వస్తా" అనేసి చిట్టి బయటికి పరుగెత్తింది.

నాన్న ఎక్కువ దూరం పోలేదు. సందు మలుపులో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని చిట్టి ప్రాణం ఉసూరుమంది. ఒక్క దెబ్బ వేసుంటే ఈ ఏడుపు ఉండేది కాదు కదా, ఎందుకు ఆగావు నాన్నా అని నిలదీద్దామనే దగ్గరికెళ్ళింది. ఆయన తలెత్తాడు. నవ్వుతున్నాడు. కళ్ళ నీళ్ళు కారుతున్నా నవ్వే.

"చూశావా అమ్మడూ, ఎలా ముడుచుకున్నాడో చూశావా!"

రోడ్డు మీదే, వచ్చేపోయే జనం చూస్తుండగానే, నాన్న పెద్దసారు అయిపోయాడు. మెడ లోపలికి పోయింది, భుజాలు చెవులకంటాయి, కళ్ళు చిట్లించి, అయిదు వేళ్ళతో చెంప కప్పుకుని, ఒక కాలి మీద వంకర తిరిగి నిలబడ్డాడు. అచ్చు గుద్దినట్టు ఆయనే. సంచులతో పోతున్న ఒకావిడ ఆగి, పిచ్చివాడేమోనని ఒకడుగు వెనక్కి వేసింది. నాన్న ఆవిణ్ణి చూశాడు గానీ సర్దుకుని నిలబడలేదు. కొట్టలేదేం అని చిట్టి అడగాలనుకున్న మాట ఎటు పోయిందో పోయింది.

"ఇదంతా ఎందుకొచ్చిందంటే," అని నాన్న మొదలెట్టాడు, ఆమె భుజం మీద చెయ్యి వేసి నడిపిస్తూ. "నీకు తెలీదు, నువ్వు కిందున్నావు. పైన లిఫ్టులో ఏం జరిగిందో చెప్తా విను. అప్పటికి క్యాషియరు కూడా లోపలే ఉన్నాడు..."

చిట్టి షాపు సంగతే మర్చిపోయింది. ఇంటి దాకా నడుస్తూ, నాన్న ఎక్కడైనా ఊపిరి కోసం ఆగితే, "ఊఁ, తర్వాత?" అంటూ వింది.